బ్లాంచింగ్ అంటే మొక్కకి వేడినీళ్లు పొయ్యటం కాదు: తోటలో, వంటింట్లో, ఒంటి మీద ఈ మాటకున్న అర్థాలు

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిద్దె తోట వీడియోలో కాలీఫ్లవర్‌ని బ్లాంచ్ చెయ్యమన్నారు, వంట వీడియోలో పాలకూరని బ్లాంచ్ చెయ్యమన్నారు, ఇంటికొచ్చే నర్సేమో మంచం మీదున్న మీ మామగారి మడమ చూసి "ఈ ఎరుపు బ్లాంచ్ అవట్లేదండీ" అందట, మరి ఈ మూడూ ఒకటేనా, కాలీఫ్లవర్ మొక్కకి కూడా వేడినీళ్లు పొయ్యాలా అని అడిగారు. వేడినీళ్లు మాత్రం పొయ్యొద్దు, మొక్క చచ్చిపోద్ది. మిగతాదంతా వివరంగా చెప్తా గానీ ముందు మడమ సంగతి చూద్దాం, పువ్వుదేముంది, రెండ్రోజులు ఆలస్యమైనా ఏం కాదు.

నా గురించి ఒక మాట. మా పుట్టిల్లు దుగ్గిరాల దగ్గర, పసుపు పండించే ఇల్లు. పెళ్లయ్యి బెజవాడ వచ్చాక 26 ఏళ్లుగా సత్యనారాయణపురంలో ఇంట్లోనే ఒరుగులు, పొడులు చేసి అమ్ముతున్నా, ఈ పదేళ్ల నుంచి ఫ్రోజెన్ కూరగాయలు కూడా. డాబా మీద కుండీలున్నాయి. మా అత్తగారు మూడేళ్లు మంచంలో ఉండి పోయారు. అందుకే మీరడిగిన మూడు సంగతులూ నేను చేత్తో చేసినవే.

మడమ మీద ఎర్రగా ఉన్నచోట వేలితో మెల్లగా నొక్కి మూడు సెకన్లు ఉంచి తియ్యండి. వేలు తీసిన చోట తెల్లగా కనపడి మళ్లీ ఎరుపు వచ్చిందనుకోండి, అక్కడ సన్నటి రక్తనాళాలు బాగానే ఉన్నాయి, మీరు నొక్కినప్పుడు రక్తం పక్కకి పోయి వదలగానే తిరిగొచ్చింది, బరువు తీసేస్తే ఆ ఎరుపు తగ్గిపోద్ది. నొక్కినా తెల్లబడకుండా అట్లాగే ఎర్రగా ఉందంటే లోపల కండ అప్పటికే దెబ్బ తినటం మొదలైంది. పైన తోలు చెక్కుచెదరకపోయినా సరే, దాన్ని డాక్టర్లు మంచం పుండులో మొదటి దశ కింద లెక్కేస్తారు. మీ నర్సు చెప్పింది అదే. ఆ అమ్మాయి చాలా బాగా చూసింది, నిజంగా.

ఇవాళే చెయ్యాల్సినవి చెప్తా. పిక్క కింద దిండు పొడుగ్గా పెట్టండి, మడమ దేనికీ తగలకుండా గాల్లో ఉండాలి, దిండు మడమ కింద కాదు పిక్క కింద. రెండు గంటలకోసారి ఒత్తిగిలించండి, రాత్రిపూట కూడా, అలారం పెట్టుకోండి. ట్యూబులాంటి గుండ్రటి రింగులు అమ్ముతారు, అవి వద్దు, రింగు అంచు ఆనినచోట ఒత్తిడి ఇంకా ఎక్కువవుద్ది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఎర్రటి చోట నూనె పెట్టి మర్దనా చెయ్యొద్దు. డాక్టరుగారికి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి, షుగర్ ఉంటే ఆ మాట మొదట చెప్పండి.

మర్దనా సంగతి ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, మా అత్తగారికి నడుం కింద ముడ్డిపూస దగ్గర రూపాయి బిళ్లంత ఎరుపు వచ్చింది, నేను మంచిదనుకొని పొద్దున సాయంత్రం కొబ్బరినూనె పెట్టి గట్టిగా రుద్దాను, రక్తం బాగా తిరుగుద్దని. నాలుగో రోజుకి తోలు లేచిపోయింది. ఆ పుండు మానటానికి ఐదు నెలలు పట్టింది, ప్రతి డ్రెస్సింగుకీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకునేది. వేలితో నొక్కి చూసే పరీక్ష ఒకటుందని ఆరోజు నాకెవరన్నా చెప్పుంటే ఎంత బాగుండేదో. ఇంకోటి, మన ఒంటి రంగు చామనఛాయో నలుపో అయితే ఈ తెల్లబడటం సరిగ్గా కనపడదు. అప్పుడు రెండో మడమతో పోల్చి చూడాలి, చేత్తో తాకితే ఇటు వేడిగా ఉందా, గట్టిగా గానీ మెత్తగా గానీ మారిందా, ఊదారంగు తిరిగిందా, తాకితే నొప్పంటున్నారా అని.

ఇదే సూత్రంతో డాక్టర్లు ఇంకా చాలా చూస్తారు. గోరు మీద నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ గులాబీరంగు రావటానికి ఎంతసేపు పట్టిందో చూస్తారు, మామూలుగా రెండు సెకన్లలో రావాలి, వాంతులు విరోచనాలతో ఒంట్లో నీళ్లు తగ్గిన పిల్లల్లో ఇది లేటు అయిద్ది. జ్వరంతో ఒంటి మీద మచ్చలొస్తే గాజుగ్లాసు ఆనించి నొక్కి చూడమంటారు, గ్లాసులోంచి చూస్తే మచ్చ మాయమవుతుంటే అది నాళాల్లో ఉన్న రక్తం, మాయం కాకుండా ఎర్రగానో ఊదాగానో కనపడుతుంటే రక్తం నాళం దాటి చర్మంలోకి కారినట్టు. మెదడు పొరల జ్వరంలో వచ్చే మచ్చలు ఇట్లా ఉంటాయి, మన దగ్గర వర్షాకాలంలో డెంగ్యూ వచ్చినప్పుడు ప్లేట్‌లెట్లు తగ్గి వచ్చే సన్నటి చుక్కలూ అంతే. మాయం కాని మచ్చలు చూస్తే ఇక ఆలోచించకుండా ఆస్పత్రికి పరిగెత్తటమే. మాయమయ్యాయి కదా అని మాత్రం ధీమాగా ఇంట్లో కూర్చోవద్దు, జ్వరం జ్వరమే. చర్మానికి రాసే స్టెరాయిడ్ క్రీముల్లో ఏది ఎంత ఘాటో తేల్చే పరీక్ష కూడా ఇదే తెలుపు మీద నడుస్తుంది, మెకెంజీ, స్టౌటన్ అనే ఇద్దరు 1962లో దాన్ని ప్రచురించారు, క్రీము రాసినచోట నాళాలు ముడుచుకుని చర్మం ఎంత పాలిపోతే మందు అంత బలమైందన్నట్టు.

ఇప్పుడు మాట సంగతి. ఇది ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకొచ్చింది, బ్లాన్ అంటే తెలుపు. మనం కప్పుకునే బ్లాంకెట్ కూడా ఆ వంశమే, మొదట్లో తెల్ల ఉన్నిగుడ్డకి ఆ పేరు. భయపడి మొహం పాలిపోతే ఇంగ్లీషువాళ్లు బ్లాంచ్ అయ్యాడంటారు, మనం అచ్చం అట్లాగే "మొహం తెల్లబోయింది" అంటాం. కాబట్టి ఎక్కడ ఈ మాట వినపడినా తెల్లబోవటం అనుకోండి, ఆ తర్వాత ఇక్కడ ఏది పోతే తెల్లబడింది అని ఒక్క ప్రశ్న వేసుకోండి. మొహంలో, మడమలో పోయేది రక్తం. మొక్కలో పోయేది ఆకుపచ్చ. బాదంపప్పులో పోయేది తోలు. పాలకూర దగ్గరకొచ్చేసరికి మీకు అనుమానం రావాలి, అది వేడినీళ్లలో ముంచితే తెల్లబడదు, ఇంకా పచ్చగా మెరుస్తుంది కదా! వంటింట్లో ఈ మాటకి పాత అర్థం బాదంపప్పు మీద వేడినీళ్లు పోసి తోలు ఊడదీసి తెల్లగా చెయ్యటం, ఆ వేడినీళ్ల పని పేరే తర్వాత అన్ని కూరగాయలకీ అంటుకుంది. మీరు తికమక పడ్డది ఇక్కడే.

తోటలో అయితే నీళ్లు లేవు, వేడీ లేదు. వెలుతురు తగలనివ్వకుండా మూసేయటమే బ్లాంచింగ్. మొక్క పత్రహరితం తయారుచేసుకోవాలంటే ఆఖరి మెట్టు దగ్గర వెలుతురు పడాల్సిందే, అది లేకపోతే ఆకుపచ్చ రాదు, పసుపో తెలుపో అయిద్ది. పెరట్లో గడ్డి మీద ఇటుక పడి ఉంటే వారం తర్వాత ఎత్తి చూడండి, కింద గడ్డి పాలిపోయి పొడుగ్గా సాగి ఉంటది. పెళ్లిలో అంకురార్పణకి పాలికల్లో నవధాన్యాలు పోసి నీడన పెడితే మొలకలు లేత పసుపుగా నాజూగ్గా వస్తాయి చూశారా, అదీ అంతే. వెలుతురు వెతుక్కుంటూ సాగిన కాడలో పీచు తక్కువ, చేదు తక్కువ, మెత్తగా ఉంటది, అందుకే కావాలని చేస్తారు. చలిదేశాల్లో సెలెరీ కాడలకి, ఉల్లికాడల్లాంటి లీక్స్‌కి మొదలు చుట్టూ మట్టి ఎగదోస్తారు. ఆస్పరాగస్ అని కూరకి వాడే ఒక లేతకాడ ఉంటది, జర్మనీవాళ్లు ప్రాణం పెట్టే తెల్ల ఆస్పరాగస్ మట్టికట్టలోంచి బయటికి రాకముందే కోసేస్తారు, అదే మొక్కని ఎండలోకి వదిలితే పచ్చ ఆస్పరాగస్. ఇంగ్లండులో యార్క్‌షైర్ వైపు రూబార్బ్ అని ఒక పుల్లకాడ ఉంటది, రెండేళ్లు పొలంలో పెంచి, చలిదెబ్బ తిన్నాక దుంపని పెకలించి చీకటి షెడ్డుల్లో పెడతారు, కోత కూడా కొవ్వొత్తుల వెలుగులోనే, ఎక్కువ వెలుతురు పడితే పనికిరాదని. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఇట్లా తెల్లబరిచిన దాంట్లో పచ్చగా పెరిగినదాని కంటే విటమిన్లు తక్కువే. రుచి కోసం చేసే పని ఇది.

మీ కాలీఫ్లవర్‌కి వస్తా. పువ్వు బయటికి కనపడ్డాక ఎండ పడితే పసుపు తిరుగుతుంది, ఒక్కోసారి ఊదాజీర కూడా, రుచి ఘాటెక్కిద్ది. తినటానికేం ప్రమాదం లేదు, నలుగురికి పెట్టేటప్పుడు చూడటానికి బాగోదంతే. పువ్వు పెద్ద నిమ్మకాయంత నుంచి కోడిగుడ్డంత అయినప్పుడు, దాని చుట్టూ ఉన్న పెద్ద ఆకుల్ని పైకి చేర్చి కొసలు దగ్గర పురికొసతోనో లావు రబ్బరు బ్యాండుతోనో వదులుగా కట్టండి. అంత ఓపిక లేకపోతే ఒక బయటి ఆకు ఈనెని మధ్యకి విరిచి, పూర్తిగా తుంచకుండా, టోపీలాగా పువ్వు మీదకి వంచండి, రైతులు పొలంలో చేసేది ఎక్కువ ఇదే. రెండు జాగ్రత్తలు. పువ్వు తడిగా ఉన్నప్పుడు కట్టొద్దు, పొద్దున మంచు ఆరిపోయాక గానీ సాయంత్రం గానీ కట్టండి, మన బెజవాడ ఉక్కకి లోపల తడి చేరిందంటే మూడ్రోజుల్లో నల్లమచ్చలొచ్చి కుళ్లిపోద్ది. కట్టాక నీళ్లు మొదట్లోనే పొయ్యండి, పైనుంచి చల్లొద్దు. రోజు మార్చి రోజు ఆకులు కొంచెం విడదీసి చూడండి, పచ్చపురుగులకి అది మంచి ఇల్లు, పైగా మన దగ్గర వేడికి పువ్వు తొందరగా పెరిగి విచ్చుకుపోద్ది, ఒక్కోసారి నాలుగైదు రోజులకే కోతకొచ్చిద్ది, ఒక్కోసారి పది రోజులు దాటిద్ది. విత్తనాల ప్యాకెట్ మీద సెల్ఫ్ బ్లాంచింగ్ అని రాసుంటే దాని ఆకులే లోపలికి ముడుచుకుంటాయి, మీరేం కట్టక్కర్లేదు. ఊదా, నారింజ రంగు రకాలకి కూడా అక్కర్లేదు, వాటికి ఎండ తగలటమే మంచిది.

మట్టి ఎగదోసే పని బంగాళాదుంపకి కూడా చేస్తాం, అది రుచి కోసం కాదు. దుంపకి వెలుతురు తగిలితే పచ్చబడి దాంతోపాటు సొలనిన్ అనే విషం పెరుగుద్ది, పచ్చగా ఉన్న భాగం చెక్కేసి పారెయ్యాలి. ఇంట్లో కూడా ఆలుగడ్డ బుట్ట కిటికీ దగ్గర పెట్టొద్దు.

ఇక వంటిల్లు. ఇది నా పని కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా, ఏమనుకోకండి.

ఫ్రోజెన్ కూరగాయలు మొదలెట్టిన మొదటి ఏడాది జనవరిలో రైతుబజారులో పచ్చిబఠాణీ కుప్పలు పోసి చవగ్గా అమ్ముతుంటే 20 కిలోలు తెచ్చి ఒలిచి కడిగి ఆరబెట్టి కవర్లలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పడేశా. రెండు మూడు నెలలకి తీసి చూస్తే గింజ మసకబారిపోయింది, కవరు విప్పగానే ఎండుగడ్డి వాసన, కూర చేస్తే కొస చేదు. డబ్బులు తిరిగిచ్చేశా అందరికీ. గడ్డకట్టేంత చల్లగా పెడితే ఇంకేం చెడుద్ది అనుకున్నాం కానీ, కూరగాయ కోశాక కూడా దాని లోపల ఎంజైములు, అంటే లోపలి మార్పుల్ని నడిపే పదార్థాలు, పని చేస్తూనే ఉంటాయి, మైనస్ 18 డిగ్రీల చలిలో కూడా వాటి వేగం తగ్గుద్దే గానీ ఆగదు. బఠాణీలో లైపాక్సిజనేజ్ అనేదొకటి ఉన్న కాస్త కొవ్వునీ విరగ్గొట్టి ఆ గడ్డివాసన తెస్తుంది. వంకాయ కోస్తే నల్లబడేది ఇంకో ఎంజైము పని. మరిగే నీళ్లలో కాసేపు ముంచితే ఇవన్నీ చచ్చిపోతాయి, బ్లాంచింగ్ అంటే అదే. పైనున్న మట్టి, సూక్ష్మజీవులు కొంత పోతాయి, ఆకుల్లో గాలి పోయి దగ్గరపడి కవరులో ఎక్కువ పడతాయి.

రెండో ఏడాది బ్లాంచింగ్ నేర్చుకున్నా, అయినా తప్పు చేశా. చిన్న గిన్నెలో నీళ్లు మరిగించి మూడు కిలోల బఠాణీ ఒకేసారి పోశా. మరుగు ఆగిపోయింది, మళ్లీ తెర్లటానికి ఆరేడు నిమిషాలు పట్టింది, ఈలోపు గింజ బయట మెత్తబడిపోయింది. నీళ్లు ఎక్కువుండాలి, సరుకు తక్కువుండాలి. అర కిలో కూరగాయకి నాలుగు లీటర్లకి తగ్గొద్దు. వేశాక నిమిషం లోపు నీళ్లు మళ్లీ తెర్లాలి, తెర్లిన దగ్గర్నుంచే టైము లెక్క. బఠాణీకి నిమిషంన్నర, బీన్స్‌కి మూడు నిమిషాలు, క్యారెట్ ముక్కలకి రెండు, కాలీఫ్లవర్ రెమ్మలకి మూడు, పాలకూరకి రెండు, లేత బెండకాయకి మూడు, ముదురుదైతే నాలుగు, బెండకాయ తొడిమ కోసేటప్పుడు గింజలగది తెగకూడదు, తెగితే జిగురంతా నీళ్లలోకొచ్చిద్ది. టైము అవ్వగానే తీసి ఐసునీళ్లలో వెయ్యండి, ఎంతసేపు ఉడికిందో అంతసేపు చల్లార్చాలి, లేకపోతే లోపలి వేడికి ఇంకా ఉడుకుతూనే ఉంటది. మన ఎండాకాలంలో కుళాయి నీళ్లే గోరువెచ్చగా వస్తాయి కాబట్టి ఐసు తప్పదు, కూరగాయ బరువుకి సమానంగా ఐసు పెట్టుకోండి. ఆ తర్వాత గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టాకే కవరు.

ఒక ముఖ్యమైన సంగతి, చాలామంది వీడియోల్లో చెప్పరు. సగం సగం బ్లాంచ్ చెయ్యటం అసలు చెయ్యకపోవటం కంటే చెడ్డది. చాలని వేడికి ఎంజైములు చావవు, ఇంకా చురుగ్గా పనిచేస్తాయి. పెద్ద ఫ్యాక్టరీల్లో ముక్కని కోసి దాని మీద గ్వాయకాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే రెండు రసాయనాల చుక్కలేసి చూస్తారు, ఎర్రటి గోధుమరంగు తిరిగితే పెరాక్సిడేజ్ అనే ఎంజైము ఇంకా బతికే ఉందని లెక్క, అన్నిటికన్నా మొండిది అది, అది చచ్చిందంటే మిగతావి చచ్చినట్టే. ఇంట్లో మనకి అంత అక్కర్లేదు, గడియారం చాలు. ఎక్కువసేపు ఉంచితే మాత్రం విటమిన్ సి లాంటివి నీళ్లలోకి పోతాయి, ఎంత జాగ్రత్తగా చేసినా కొంత పోద్ది.

పాలకూర పచ్చగా మెరిసేది ఎందుకంటే, ఆకుల్లో ఉన్న గాలి బుడగలు పోయి అసలు రంగు బయటికొచ్చిద్ది. మూత పెట్టొద్దు, ఆకులోంచి వచ్చే పులుపు ఆవిరితో పోవాలి, మూత పెడితే తిరిగి నీళ్లలోనే పడి రంగు చెడగొట్టుద్ది. ఈ పులుపు సంగతి తెలిస్తే మన గుంటూరు గోంగూర ఎందుకు నల్లబడుద్దో కూడా అర్థమయిద్ది. పత్రహరితం మధ్యలో మెగ్నీషియం ఉంటది, పులుపు దాన్ని బయటికి లాగేస్తే పచ్చ పోయి ఆలివ్ గోధుమరంగు వచ్చిద్ది, గోంగూరలో పులుపు ఆకులోనే ఉంది కాబట్టి ఐసు పెట్టినా ఇంకేం చేసినా పచ్చగా నిలవదు. గోంగూరని బ్లాంచ్ చెయ్యబోకండి, నూనెలో మగ్గబెట్టటమే దానికి తగిన పని. కొంతమంది పచ్చగా ఉండటానికి వంటసోడా చిటికెడు వేస్తారు, రంగు నిలుస్తుంది నిజమే, కానీ ఆకు పేస్టులాగా అయిపోద్ది, విటమిన్లు పోతాయి, నేను వెయ్యను. కొత్తిమీర, ఉల్లిపాయ, క్యాప్సికం ఫ్రీజర్‌లో పెట్టాలంటే బ్లాంచింగ్ అక్కర్లేదు.

తోలు తియ్యటానికి చేసేది వేరే లెక్క, అక్కడ ఎంజైముల గోల లేదు. టమాటాకి కింద ప్లస్ గుర్తులాగా గాటు పెట్టి అర నిమిషం నుంచి నిమిషం మరిగే నీళ్లలో వేసి చన్నీళ్లలోకి తీస్తే తోలు దానంతటదే వదులుద్ది. బాదంకి ఒక్క నిమిషం చాలు, తీసి రెండు వేళ్ల మధ్య నొక్కితే పప్పు టప్పున జారి అవతల పడిద్ది. పల్లీలకి నీళ్లతో పనిలేదు, వేయించి నలిపి చెరిగితే పొట్టు పోయిద్ది, షాపులో బ్లాంచ్డ్ పల్లీలంటే ఆ తెల్లగింజలే. మటన్ కాళ్లు, ఎముకలు సూప్‌కి పెట్టేటప్పుడు మొదటి పొంగు నీళ్లు పారబోస్తాం కదా, దాన్నీ బ్లాంచింగే అంటారు, అక్కడ మాత్రం చన్నీళ్లతోనే మొదలుపెట్టాలి, మెల్లగా వేడెక్కితేనే లోపలి మలినం నురగై పైకి తేలుద్ది. హోటళ్లవాళ్లు ఫ్రెంచ్ ఫ్రైస్‌ని ముందు తక్కువ వేడి నూనెలో ఉడికించి తీసి, ఆర్డరొచ్చాక ఎక్కువ వేడిలో మళ్లీ వేస్తారు, ఆ మొదటి వాయిని కూడా బ్లాంచింగ్ అనే పిలుస్తారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఒరుగుల సంగతి. మా అమ్మమ్మ ఏప్రిల్ ఎండల్లో గోరుచిక్కుడు ఒరుగులు పెట్టేది. లేతకాయ ఏరి, కొసలు తుంచి, ఈనె లాగి, ఉప్పేసిన నీళ్లు తెర్లుతుంటే కాయ వేసి, రంగు ముదురుపచ్చకి తిరగ్గానే గోటితో గిల్లి చూసేది, గోరు దిగి లోపల ఇంకా కరకరలాడాలి, అప్పుడు వెదురుబుట్టలోకి వార్చి డాబా మీద పాత చీర పరిచి ఎండబెట్టేది. మూడో రోజుకో నాలుగో రోజుకో విరిస్తే టక్‌మని విరగాలి. నేను చిన్నప్పుడు అడిగా, ఎట్లాగూ ఎండబెడతాం కదా ఉడకబెట్టటం దేనికని. "పచ్చివి ఎండబెడితే నల్లబడి పుల్లల్లాగా అయిపోతాయే, ఏడాదంతా ఉండొద్దూ" అంది. ఎంజైము అనే మాట ఆవిడకి తెలీదు గానీ ఉడుకు తగలకపోతే రంగు, రుచి ఉండవనీ, తగిలిన కాయ తొందరగా ఎండి తర్వాత నీళ్లలో వేస్తే మళ్లీ మెత్తబడుద్దనీ తెలుసు. బ్లాంచింగ్ అనే పేరు నేను నలభై ఏళ్ల వయసులో విన్నా, పని మాత్రం పదేళ్ల వయసులో ఆవిడ పక్కన కూర్చుని చేశా.

పసుపు కూడా దీనికి పెద్దన్న లాంటిదే. తవ్విన రెండు మూడ్రోజుల్లో కొమ్ముల్ని ఉడకబెట్టాలి. మా నాన్న పెద్ద బానలో నీళ్లు పోసి కొమ్ములు వేసి పైన పసుపాకులు కప్పి మంట పెట్టేవాడు, ముప్పావుగంట నుంచి గంట పట్టేది. తెల్లటి నురగ పొంగి, పసుపు వాసనతో ఆవిరి ఊరంతా కమ్మేస్తే దగ్గరపడినట్టు, అప్పుడు ఒక కొమ్ము తీసి చీపురుపుల్ల గుచ్చేవాడు, ఆగకుండా దిగితే మంట లాగేసేవాడు. ఎక్కువైతే రంగు చెడుద్ది, తక్కువైతే ఎండాక పెళుసుగా విరుగుద్ది. ఉడికితే పిండి పదార్థం జావై రంగు కొమ్మంతా సమానంగా పరుచుకుంటుంది, మళ్లీ మొలకెత్తదు, పది పదిహేను రోజుల్లో ఎండుద్ది. ఇప్పుడు ఆవిరి బాయిలర్లు వచ్చాయి, దుగ్గిరాల యార్డుకొచ్చే సరుకు చాలావరకు అట్లా ఉడికిందే. పుస్తకాలవాళ్లు దీన్ని బ్లాంచింగ్ అనరు, క్యూరింగ్ అంటారు, కానీ వేడినీళ్లతో దుంపలో ప్రాణం ఆపి ఎండకి సిద్ధం చెయ్యటంలో తేడా ఏముంది చెప్పండి.

లోహాల్లో కూడా ఈ మాట ఉంది, రెండు ముక్కల్లో చెప్పేస్తా. రాగి కలిసిన వెండి బిళ్లని కాల్చి పలచటి ఆసిడ్‌లో ముంచితే పైపొరలో ఉన్న రాగి కరిగిపోయి వెండి తెల్లగా తేలుద్ది, నాణేలు కొట్టేచోట దాన్ని బ్లాంచింగ్ అనేవారు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ 1544 నుంచి వెండిలో రాగి విపరీతంగా కలిపి నాణేలు కొట్టించాడు, చేతులు మారేకొద్దీ పైన తెలుపు అరిగి ముందుకి పొడుచుకొచ్చిన రాజు ముక్కు దగ్గర ఎర్రరాగి బయటపడేది, జనం ఆయన్ని రాగిముక్కాయన అని పిలిచారు. వెండి పట్టీలు అరిగినచోట ఎర్రబడితే ఇందులో రాగి ఎంత కలిపావని షాపువాడిని అడగండి.

మీరు ఫోటోలో పెట్టిన కాలీఫ్లవర్ నాకు కోడిగుడ్డు సైజులోనే కనపడుతుంది, ఇవాళ సాయంత్రం ఆకులు ఆరాక కట్టెయ్యండి. పాలకూరకి రెండు నిమిషాలు, మూత లేకుండా, ఐసు ముందే గిన్నెలో పోసి పెట్టుకోండి. మామగారి మడమ మాత్రం దిండు పెట్టిన రెండు గంటలకి మళ్లీ నొక్కి చూసి, తెల్లబడిందా లేదా, రెండో మడమకన్నా వేడిగా ఉందా, ఈ రెండూ టైముతో సహా ఒక కాయితం మీద రాసి ఉంచండి, డాక్టరుగారు అడిగేది అదే. రేపు ఎట్లా ఉందో ఇక్కడ రాయండి, చూస్తూ ఉంటాను.